రాత్రి, పొగమంచు: ఒక టోపీ కథ

ప్రపంచ డాక్యుమెంటరీ చిత్రాలలో అగ్రశ్రేణికి చెందినది ఫ్రెంచి దర్శకుడు అలేన్ రెనే 1955లో తీసిన ‘నైట్ అండ్ ఫాగ్’. నిడివి 32 నిమిషాలే. ఆష్‌విట్జ్, మైదానెక్ నాజీ శిబిరాల శిథిలాలను రంగులలోను, నాటి దారుణాలను నలుపు తెలుపులలోను చూపిస్తాడు రెనే. పచ్చిక మొలిచిన నేలపై కెమెరా నెమ్మదిగా సాగుతుంటే, నేల ఎంత త్వరగా మరచిపోతుందో బోధపడుతుంది. వ్యాఖ్యానం రచించిన ఝాఁ కేరోల్ స్వయంగా నాజీ నిర్బంధాన్ని అనుభవించిన కవి. అందుకే అందులో ఆక్రోశం కన్న నిగ్రహమే ఎక్కువ. హాన్స్ ఐస్లర్ సంగీతం సైతం కన్నీటిని యాచించదు.

లోపం లేకపోలేదు. యూదులను యూదులుగానే వేటాడి చంపారన్న సత్యం వ్యాఖ్యానంలో దాదాపు వినిపించదు.

ఫ్రాన్సులోని ఒక శిబిరానికి కాపలా కాస్తున్న ఫ్రెంచి పోలీసు టోపీ ఒక ఛాయాచిత్రంలో కనిపించింది. సెన్సారువారి ఒత్తిడిపై దానిని కప్పివేయవలసి వచ్చింది. 1956లో పశ్చిమ జర్మనీ అభ్యంతరంతో చిత్రాన్ని కాన్ ఉత్సవ పోటీ నుంచి తప్పించారు. చిత్రాంతంలో శిబిరాల అధికారులు ఒక్కొక్కరే బాధ్యత తమది కాదంటారు. మరి బాధ్యులెవరన్న ప్రశ్న మిగిలిపోతుంది. దశాబ్దాల తరువాత తిరిగి బయటపడిన ఆ టోపీ, జవాబులో కొంత భాగాన్ని నేటి ప్రేక్షకుని ముందుంచుతున్నది.