ఒర్గేయ్ ఉల్కలో 'జీవులు': ఒక విమర్శ

1864 మే 14న దక్షిణ ఫ్రాన్సులోని ఒర్గేయ్ గ్రామం వద్ద పడిన ఉల్కాశిల నల్లనిది, మెత్తనిది. నీటిలో వేస్తే పొడియై విడిపోతుంది. దీనిలో కర్బన పదార్థం కలదని ఆనాడే గుర్తించినారు. 1961లో క్లాస్, నాగీ అనే శాస్త్రజ్ఞులు ఇంకొక అడుగు ముందుకు వేసి, అందులో శైవలాలను పోలిన శిలాజాలు కలవని ప్రకటించినారు.

వారి శ్రమ మెచ్చదగినదే. కాని ముఖ్యాధారం ఏమిటి? సూక్ష్మదర్శినిలో కనిపించిన ఆకారం, రంగు పట్టే తీరు! గుండ్రని ఖనిజకణం కూడ శైవలంవలె కనబడగలదు. అంతకన్న పెద్ద చిక్కు మరొకటి. తేమను పీల్చే ఈ రాయి నూరేండ్లకు పైగా కాకున్నా, దాదాపు అంతకాలం భూమిమీది గాలిలో ఉన్నది. 'జీవుల'లో అన్నిటికన్న విచిత్రమైన షట్కోణాకృతి రాగ్‌వీడ్ అనే కలుపుమొక్క పుప్పొడియనీ, రంగువేసే ప్రక్రియలో రూపు మారినదనీ చికాగోలో ఆండర్స్, ఫిచ్ చూపినారు.

అంతమాత్రాన ఉల్కలలోని కర్బన పదార్థమంతా భూమినుండి చేరినదే అనుకొనుట పొరపాటు. 1969 సెప్టెంబరు 28న ఆస్ట్రేలియాలో మర్చిసన్ వద్ద పడిన ఉల్కలో, సింహళంలో పుట్టిన సిరిల్ పొన్నంపెరుమ బృందం 1970లో ఎమినో ఆమ్లాలను కనుగొన్నది. ప్రాణుల ప్రోటీనులలో ఇవి ఎడమ రూపంలోనే ఉంటాయి. ఇందులో కుడి, ఎడమ రూపాలు ఇంచుమించు సమానం. ప్రోటీనులలో కానరానివి కూడ ఉన్నవి. వేలిముద్రలనుండి ఇట్టివి రావు. నాగీ వాదానికి లోపించినది ఇట్టి పరీక్షయే.

జాగ్రత్త ఎంత పడినా చాలదేమో! జపాను నౌక హయబుసా-2 ర్యూగు గ్రహశకలపు మట్టిని 2020లో మూసిన పేటికలో తెచ్చినది. తెరచిన పిదప అందులో ఒక రేణువుపై భూలోకపు సూక్ష్మజీవులు పెరిగినట్లు 2024లో వెల్లడైనది.