కోతకు ముందు మూడు నెలలు

హిమాయత్‌నగర్‌లో లిబర్టీ నుంచి నారాయణగూడ వైపు నడుస్తుంటే ఎంఆర్‌ఐ కవరు చంకన పెట్టుకుని మెట్లు దిగేవాళ్లు ఎవరో ఒకరు కనిపిస్తూనే ఉంటారు. ఈమధ్య వాళ్లలో నేనూ చేరాను. ఏళ్ల తరబడి షటిల్ ఆడిన కుడి భుజంలో, చేతిని పైకి లేపే టెండన్ అరిగి చిరిగిందని రిపోర్టు. పడలేదు, దెబ్బా తగల్లేదు. మొదట స్మాష్ పోయింది, తర్వాత అటక మీది డబ్బా అందకుండా పోయింది, చివరికి కుడివైపు ఒత్తిగిలి పడుకునే నిద్ర పోయింది.

రిపోర్టు చూసినవాళ్లందరూ తలా ఒక మాట చెప్పారు. "తెగిందంటే కుట్టించుకోవాల్సిందే కదా బావా" అన్నాడు మా బావమరిది. "ఆపరేషన్ ఎందుకన్నా, పుత్తూరు కట్టు కట్టిద్దాం" అన్నాడు పక్క ఫ్లాటాయన. పుత్తూరు కట్టంటే నాకు గౌరవమే. కానీ విరిగిన ఎముక కదలకుండా నిలబెట్టడం దాని పని, ఇక్కడ తెగింది ఎముక కాదు. పైగా భుజాన్ని వారాల తరబడి కట్టిపడేస్తే కీలు బిగుసుకుపోతుంది. షుగర్ ఉన్నవాళ్లకు మరీను.

ఫిల్మ్‌లో చిరుగు కనిపించడం, ఆ చిరుగే నొప్పికి కారణం కావడం ఒకటి కాదు. 1995లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో, భుజం నొప్పే లేని 96 మందికి ఎంఆర్‌ఐ తీసి చూస్తే దాదాపు మూడో వంతు మందికి చిరుగులు కనిపించాయి. అరవై దాటినవాళ్లలోనైతే సగానికి పైగా. వాళ్లంతా తల దువ్వుకుంటూ, బట్టలు ఆరేసుకుంటూ హాయిగా ఉన్నవాళ్లే.

2018లో బ్రిటన్, ఫిన్లాండ్ వైద్యులు ఇంకా ధైర్యమైన పని చేశారు. చెయ్యి ఎత్తితే భుజంలో పట్టేసే నొప్పికి, టెండన్ మీది ఎముకను కాస్త గీకి చోటు చేసే ఆపరేషన్ ఒకటుంది. కొందరికి ఆ ఆపరేషన్ పూర్తిగా చేశారు. మరికొందరికి, వాళ్ల సమ్మతితోనే, కెమెరా గొట్టం లోపలికి పంపి చూసి, గీకకుండా కుట్లు వేసేశారు. తనకు ఏది జరిగిందో ఏ రోగికీ చెప్పలేదు. తర్వాత చూస్తే రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అది కుట్టే ఆపరేషన్ కాదు కాబట్టి నా కేసుకు నేరుగా వర్తించదు. అయినా కత్తి పడితేనే వైద్యం అనుకునే నమ్మకాన్ని అది నాలో గట్టిగానే కదిలించింది.

అలాగని ఆపరేషన్ వద్దని ఎవరికీ చెప్పను. స్కూటర్ మీంచి పడి మర్నాటికల్లా చెయ్యి లేవకపోతే ఆలస్యం చేయకూడదు. టెండన్ పూర్తిగా తెగితే కండరం వెనక్కి లాక్కుపోతుంది, నెలలు గడిస్తే కొవ్వు పట్టి కుట్టుకు నిలవదు. మాటిమాటికీ భుజం జారిపోయే ఇరవై ఏళ్ల కుర్రాడి సంగతీ వేరు. సచిన్ 2006 మార్చిలో లండన్‌లో భుజానికి ఆపరేషన్ చేయించుకుని, సెప్టెంబరులో కౌలాలంపూర్‌లో వెస్టిండీస్ మీద 141 నాటౌట్ కొట్టాడు. మన అమలాపురం షటిల్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ 2024 ఏప్రిల్‌లో భుజం గాయంతో ఆసియా చాంపియన్‌షిప్ వదులుకుని, మే 19న తన డబుల్స్ జోడీ చిరాగ్‌తో కలిసి థాయ్‌లాండ్ ఓపెన్ గెలిచాడు. గాయాలు వేరు, దారులూ వేరు.

నాలాంటి అరుగుదల చిరుగుకు అమెరికాలోనే జరిగిన మరో పెద్ద అధ్యయనం 2013లో వచ్చింది. టెండన్ పూర్తి మందాన చిరిగిన 452 మందికి ముందు ఫిజియోథెరపీ ఇచ్చారు. రెండేళ్లలో ఆపరేషన్ దాకా వెళ్లినవాళ్లు నాలుగో వంతు కన్నా తక్కువ. వెళ్లినవాళ్లలో ఎక్కువమంది తొలి మూడు నెలల్లోనే తేల్చుకున్నారు. నా మూడు నెలల గడువు అక్కణ్నుంచే తీసుకున్నాను.

మా ఫిజియో అమ్మాయి మొదటిరోజే చెప్పింది: "సార్, నొప్పి సంగతి ఒక్కటే కాదు, చెయ్యి ఎంతవరకు లేస్తోందో రోజూ రాయండి." బాల్కనీ గ్రిల్‌కు రబ్బరు బ్యాండు కట్టి, మోచేతికీ పక్కటెముకలకీ మధ్య చుట్టిన తువ్వాలు ఇరికించి, ముంజేతిని మెల్లగా బయటికి తిప్పాలి. తువ్వాలు జారి పడిందంటే మోచెయ్యి పక్కటెముకల నుంచి దూరంగా పోతోందన్నమాట. చూడ్డానికి ఏమీ లేని పని. కానీ అలసట సరిగ్గా భుజం వెనక, నేనెన్నడూ పట్టించుకోని చోట మొదలవుతుంది. గోడకు అతికించిన టేపు మీద నా వేళ్లు ఇప్పుడు చెవి దాటి పైకి పోతున్నాయి. రాత్రిళ్లు మాత్రం ఇంకా మెలకువ వస్తోంది.

కుట్టించుకున్నా నాలుగు నుంచి ఆరు వారాలు స్లింగ్, ఆ తర్వాత నెలల తరబడి ఈ బ్యాండే, ఈ తువ్వాలే. పెద్ద చిరుగులైతే కుట్టాక మళ్లీ ఊడేవీ ఉన్నాయి. ఇవన్నీ సర్జన్‌గారిని ఒక్కొక్కటే అడిగాను, ఆయన విసుక్కోకుండా చెప్పారు. మూడు నెలలు నిండాక రెండే చూస్తామన్నారు: అటక అందుతోందా, నిద్ర పడుతోందా. రెండూ లేకపోతే సంతకం పెడతానని ఆయనకు చెప్పి వచ్చాను.