తెలియదని చెప్పగలిగే లెక్క

−1515ను 17తో గుణిస్తే ఎంత వస్తుందో చెప్పడానికి కాగితమూ కలమూ కావాలి గానీ, వచ్చేది ధన సంఖ్యా ఋణ సంఖ్యా అన్నది చెప్పడానికి అవేవీ అక్కర్లేదు. ఋణాన్ని ధనంతో గుణిస్తే ఋణమే వస్తుందన్న సూత్రం బ్రహ్మగుప్తుడు 628లో రచించిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలోనే ఉంది. విలువలను పక్కన పెట్టి గుర్తులతోనే లెక్క నడిపితే శ్రమ తగ్గుతుంది, తేలిన కాస్తా తప్పకుండా నిజమవుతుంది. అయితే అవే రెండు సంఖ్యలను కూడమంటే ఈ పద్ధతి చేతులెత్తేస్తుంది. ఋణానికి ధనం కలిస్తే ఏ గుర్తయినా రావచ్చు కనుక, 'తెలియదు' అన్నదే దాని జవాబు. ఫ్రాన్స్‌కు చెందిన పాట్రిక్ కూజో, రాధియా కూజో దంపతులు 1977లో వెలువరించిన పరిశోధన పత్రంలో తమ సిద్ధాంతాన్ని పరిచయం చేయడానికి ఎంచుకున్నవి ఈ రెండు లెక్కలే. ప్రోగ్రామ్‌ను అసలు విలువలతో కాక, ఆ విలువలకు ప్రతినిధులుగా నిలిచే స్థూల లక్షణాలతో నడిపి చూసే ఈ పద్ధతిని అబ్‌స్ట్రాక్ట్ ఇంటర్‌ప్రెటేషన్ అంటారు. డెన్మార్క్‌లో పీటర్ నౌర్ 1960లలోనే ఆల్గాల్ కంపైలర్‌లో విలువలకు బదులు వాటి రకాలతో ప్రోగ్రామ్‌ను ఉత్తుత్తిగా నడిపించి చూశాడు కాబట్టి ఆలోచన పూర్తిగా కొత్తదేమీ కాదు. ఇలాంటి విడివిడి ఉపాయాలన్నీ ఒకే గణితం కిందికి వస్తాయని చూపి, ఏ సరళీకరణను నమ్మవచ్చో ఏది నమ్మరాదో తేల్చే గీటురాయిని అందించడం కూజో దంపతుల ఘనత.

ఆ గీటురాయి అవసరం ఎందుకు పడిందో ఒక చిన్న లెక్క చెబుతుంది. 32 బిట్ల ఇన్‌పుట్‌లు రెండే తీసుకునే ఫంక్షన్‌ను అన్ని విలువలతోనూ పరీక్షించాలంటే, సెకనుకు 100 కోట్ల జతల చొప్పున చూసినా 580 ఏళ్లకు పైగా పడుతుంది. ఆ ఓపిక ఉన్నా చిక్కు తీరదు. ఏ ప్రోగ్రామ్‌ను ఇచ్చినా అది ఎప్పటికైనా ఆగుతుందో లేదో చెప్పగల యాంత్రిక పద్ధతి ఉండదని ఆలన్ ట్యూరింగ్ 1936లో నిరూపించగా, ప్రోగ్రామ్‌ల ప్రవర్తనకు సంబంధించి కాస్త విషయమున్న ఏ ప్రశ్నకైనా ఇదే గతి పడుతుందని హెన్రీ రైస్ 1953లో తేల్చాడు. అన్ని ప్రోగ్రామ్‌లకూ పనికొచ్చి, ఎప్పుడూ ముగిసి, ఎప్పుడూ కచ్చితమైన జవాబే ఇచ్చే పరికరం అసాధ్యమైనప్పుడు ఏదో ఒకటి వదులుకోక తప్పదు. ఈ పద్ధతి కచ్చితత్వాన్ని వదులుకుంటుంది, అదీ ఒక్క వైపే. ప్రోగ్రామ్ చేరగల స్థితులన్నింటినీ ఒక చేనుగా భావిస్తే, చేను వంకరలన్నీ పట్టించుకోకుండా దాని చుట్టూ తిన్నగా వేసిన కంచెలాంటిది ఈ విశ్లేషణ. కంచెలో కొంత బీడు కలిసినా ఫరవాలేదు గానీ, చేనులో ఒక్క మొక్క కూడా బయట మిగలకూడదు. ప్రమాదకరమైన గుంట కంచెకు బయట ఉందంటే చేనుకు భయం లేదని రుజువైనట్టే, లోపల ఉందంటే మాత్రం అది చేనులో ఉందో బీడులో ఉందో తెలియక పరికరం హెచ్చరిక జారీ చేస్తుంది. గుంట బీడులోనే ఉన్నప్పుడు వచ్చే ఆ హెచ్చరికనే తప్పుడు అలారం అంటారు.

గుర్తుల కంటే కాస్త మేలైన ప్రతినిధి అంతరం, అంటే ఒక చలరాశి విలువకు కింది హద్దూ పై హద్దూ. 'క' అనే చలరాశి 0తో మొదలై, 100 కంటే తక్కువగా ఉన్నంత వరకు ఒక్కొక్కటి పెరిగే లూప్‌ను తీసుకుంటే, లూప్ ముఖద్వారం దగ్గర 'క' అంతరం మొదట [0, 0], ఒక చుట్టు తర్వాత [0, 1], ఆ పైన [0, 2] అవుతూ పోతుంది. ఇలా నూరు చుట్లు తిరగవచ్చునేమో గానీ, హద్దు కోట్లలో ఉన్నప్పుడో, అసలు ముందుగా తెలియనప్పుడో ఈ నడక తెమలదు. అందుకు కూజో దంపతులు చెప్పిన ఉపాయం వైడెనింగ్. పై హద్దు ఒకసారి పెరిగినట్టు కనబడగానే అది ఎక్కడ ఆగుతుందో వెతకడం మానేసి, అంతరాన్ని ఒక్క గెంతులో [0, అనంతం]గా ప్రకటించేస్తారు. తర్వాత ఆ అతిశయాన్నే లూప్‌లోకి పంపుతారు. 'క 100 కంటే తక్కువ' అన్న షరతు దాన్ని [0, 99]కి కుదిస్తుంది, ఒకటి కలిపితే [1, 100] అవుతుంది, మొదటి సున్నాను చేర్చుకుంటే [0, 100] మిగులుతుంది, మరో చుట్టు తిప్పినా అది మారదు. ఇలా మారకుండా నిలిచే స్థితిని స్థిర బిందువు అంటారు. లూప్ నుంచి బయటపడాలంటే 'క' 100కు తక్కువ కాకూడదు కనుక, బయటపడ్డ 'క' విలువ సరిగ్గా 100 అని, ప్రోగ్రామ్‌ను ఒక్కసారైనా నడపకుండానే తేలుతుంది. మరీ ఎక్కువగా అంచనా కట్టి తర్వాత తగ్గించుకు రావడంలో ఉన్న ఈ ధీమా, కంప్యూటర్ శాస్త్రంలోని అందమైన ఆలోచనల్లో ఒకటని చెప్పడం అతిశయోక్తి కాదు.

అంతరాలకూ మతిమరుపు ఉంది. 'క' [0, 10]లో ఉన్నప్పుడు 'గ'కు 'క' విలువనే ఇచ్చి, రెండింటి తేడా అడిగితే, సున్నా అనాల్సింది పోయి [−10, 10] అంటాయి, ఎందుకంటే ఒక్కో చలరాశి హద్దులు గుర్తుంటాయి గానీ వాటి మధ్య బంధుత్వం గుర్తుండదు. ఆ బంధుత్వాలను కూడా పట్టుకునే బహుఫలకాల పద్ధతిని పాట్రిక్ కూజో, నికోలా ఆల్బ్‌వాక్స్ 1978లోనే రూపొందించారు; అది కచ్చితమైనదే గానీ, చలరాశులు పెరిగేకొద్దీ దాని ఖర్చు విపరీతంగా పెరగవచ్చు. తరువాతి కాలంలో ఆంట్వాన్ మినే, రెండేసి చలరాశుల మొత్తానికీ తేడాకూ మాత్రమే హద్దులు కట్టే అష్టభుజ పద్ధతితో మధ్యేమార్గం చూపాడు.

ఈ విద్యలోని అసలు పనితనం ఎక్కడుందో పారిస్‌లోని ఎకోల్ నార్మల్ సుపీరియర్‌లో 2001లో మొదలైన ఆస్ట్రే అనే పరికరం చరిత్రలో కనిపిస్తుంది. విమానాన్ని నడిపే సి భాషా ప్రోగ్రామ్‌లలో సున్నాతో భాగించడం, సంఖ్య హద్దు దాటడం, అర్రే సరిహద్దు మీరడం వంటి దోషాలు లేవని నిరూపించడం దాని లక్ష్యం. పరిశోధకులు సాధారణ విశ్లేషకంతో మొదలుపెట్టినప్పుడు 1200 తప్పుడు అలారాలు వచ్చాయి. ఒక్కో అలారం దగ్గరా ఆగి, ఇక్కడ పరికరం దేన్ని మరిచిపోయిందని ప్రశ్నించుకుంటూ వాటిని 11కు దించారు. డిజిటల్ ఫిల్టర్ల సంగతి ఇందుకు మంచి నిదర్శనం. సెన్సర్ సంకేతాన్ని వడపోసే ఈ చిన్న గణన, వెనకటి రెండు ఫలితాలను కొన్ని గుణకాలతో హెచ్చించి, తాజా ఇన్‌పుట్‌ను కలిపి కొత్త ఫలితాన్ని తయారు చేస్తుంది. ఆ రెండు ఫలితాలనూ సమతలంపై ఒక బిందువుగా గుర్తిస్తే, ఆ బిందువు మెలి తిరుగుతూ కదులుతుంది. అంతరాలకు తెలిసిన ఆకారం దీర్ఘచతురస్రం ఒక్కటే. దాన్ని మెలితిప్పితే మూలలు బయటికి పొడుచుకొస్తాయి, వాటిని కప్పడానికి ఇంకా పెద్ద దీర్ఘచతురస్రం కావాలి, అలా హద్దు అనంతం దాకా పోతుంది. సరైన దీర్ఘవృత్తాన్ని ఎంచుకుంటే మాత్రం మెలితిప్పినా అది తన హద్దులోనే ఇముడుతుంది. జెరోమ్ ఫెరే ఈ దీర్ఘవృత్తాలను ఆస్ట్రేలో చేర్చిన తర్వాతే ఫిల్టర్ల దగ్గర అలారాలు సద్దుమణిగాయి. 2003 నవంబరులో ఎయిర్‌బస్ ఎ340 ప్రాథమిక నియంత్రణ ప్రోగ్రామ్‌ను, అంటే 1,32,000 లైన్లను, 300 మెగాబైట్ల మెమరీతో గంటా 20 నిమిషాల్లో పరిశీలించి, ఒక్క తప్పుడు అలారం కూడా లేకుండా ఆ దోషాలేవీ లేవని ఆస్ట్రే నిరూపించింది. సిద్ధాంతం అనుమతి మాత్రమే ఇస్తుంది; దేన్ని మరిచిపోవచ్చో, దేన్ని మరవకూడదో ఎంచుకోవడం ఆ ప్రోగ్రామ్‌ల పక్కన కూర్చున్నవారి చేతిపని.

రుజువైంది అనగానే అంతా భద్రమని తీర్మానించడానికి వీల్లేదని కూడా చెప్పుకోవాలి. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలో ఏరియాన్ 5 రాకెట్ తొలి ప్రయోగంలోనే పేలిపోవడానికి కారణం, 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చబోయినప్పుడు అది 32,767 అనే హద్దును దాటిపోవడం. అలాంటి ప్రమాదం ఉన్న ఏడు చలరాశుల్లో నాలుగింటికి రక్షణ కల్పించి, కంప్యూటర్‌పై భారం తగ్గించడానికి మూడింటిని వదిలేశారు. ఇటువంటి తప్పును అంతరాల విశ్లేషణ ఇట్టే పట్టేస్తుందని తరచూ చెబుతారు, అది సగమే నిజం. ఆ ప్రోగ్రామ్ ఏరియాన్ 4 కోసం రాసినది, దాన్ని వాడుకునేటప్పుడు ఏరియాన్ 5 గమనపథం వివరాలు నిర్దేశపత్రంలో చేర్చనే లేదు. ఇన్‌పుట్ వేగాలకు పాత రాకెట్ హద్దులనే ఇచ్చి ఉంటే, ఎంత నిజాయితీ గల పరికరమైనా భయం లేదనే చెప్పేది.

నేడు ఈ విద్య విమానాలకే పరిమితం కాలేదు. లినక్స్ కెర్నల్‌లోకి బయటి నుంచి చేర్చే చిన్న ప్రోగ్రామ్‌లను ఈబీపీఎఫ్ అంటారు. ఆండ్రాయిడ్ ఫోన్లు నెట్‌వర్క్ వాడకాన్ని లెక్కించేది వీటితోనే. ప్రతి ఈబీపీఎఫ్ ప్రోగ్రామ్‌నూ నడవనిచ్చే ముందు కెర్నల్‌లోని వెరిఫైయర్, అంతరాలతోనూ, ఒక్కో బిట్ 0 అని, 1 అని, తెలియదని గుర్తుపెట్టుకునే మరో పద్ధతితోనూ పరిశీలిస్తుంది. 2020లో ఆ వెరిఫైయర్‌లోనే 32 బిట్ల హద్దులను లెక్కగట్టే భాగం తప్పని తేలింది. అది గీసిన హద్దు అసలు విలువలను బయట వదిలేయడంతో, దాడి చేసేవారికి కెర్నల్ మెమరీ అందుబాటులోకి వచ్చింది, సరిదిద్దడానికి ఆ భాగాన్నే తొలగించాల్సి వచ్చింది. మామూలు రోజుల్లో ఫిర్యాదులు ఇందుకు తలకిందులుగా ఉంటాయి. నిక్షేపంలాంటి ప్రోగ్రామ్‌ను కూడా వెరిఫైయర్ తిప్పికొట్టిందని విసుక్కుంటూ, అర్రే సూచిక ఎటూ హద్దు దాటదని తనకు తెలిసినా, దాని ముందు మరో షరతు రాసి ప్రోగ్రామర్ మళ్లీ పంపుతాడు.