అండమాన్‌కు అరువు గీత

2013 జులైలో ప్రణాళికా సంఘం దేశంలోని పేదల లెక్క విడుదల చేసింది. 2011-12 సంవత్సరానికి టెండూల్కర్ కమిటీ పద్ధతిలో కట్టిన లెక్క అది. దేశం మొత్తమ్మీద నూటికి దాదాపు 22 మంది పేదలని తేలింది. అండమాన్ నికోబార్ దీవుల్లో మాత్రం నూటికి ఒక్కరే. పల్లెల్లో 1.57 శాతం, పట్టణంలో సున్నా. రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు అన్నిటిలోకీ ఇదే తక్కువ. చదివినవాళ్లలో చాలామంది ఆ సంఖ్య దగ్గరే ఆగి ఉంటారు. పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది. ఈ దీవులకు తమిళనాడు పేదరిక రేఖను వాడారని దాని సారాంశం. ఆ రేఖ పల్లెల్లో మనిషికి నెలకు 880 రూపాయలు, పట్టణాల్లో 937. బంగాళాఖాతానికి ఈవల ధరలు చూసి గీసిన గీతతో, పన్నెండు వందల కిలోమీటర్ల ఆవల బతికే మనిషి పేదవాడో కాదో తేల్చారన్నమాట. ఆర్థిక పరిశోధన మీద నాకున్న పెద్ద ఫిర్యాదుకు ఈ ఫుట్‌నోట్ మంచి ఉదాహరణ. లోపం ఉందని ఒక మూల రాసేస్తే పరిశోధకుడి బాధ్యత తీరిపోయినట్టేనని అనుకోవడం అలవాటైపోయింది. ఆ లోపం ఫలితాన్ని ఎటు లాగుతుందో, సుమారుగా ఎంత లాగుతుందో ఫలితం పక్కనే చెప్పకపోతే, రాసినా రాయనట్టే.

ఇక్కడ ఎటు లాగుతుందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. చెన్నైలో లారీ దిగిన ఉల్లిపాయల బస్తా సంగతే చూడండి. రేవులో కూలీల భుజాల మీదుగా ఓడెక్కి, సుమారు మూడు రోజులు సముద్రం మీద ప్రయాణించి, నిన్నమొన్నటి దాకా పోర్ట్ బ్లెయిర్ అన్న శ్రీవిజయపురంలో దిగుతుంది. అక్కడి నుంచి కార్ నికోబార్‌కో గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బేకో చేరాలంటే మళ్లీ ఇంకో ఓడ పట్టుకోవాలి. వానాకాలంలో సముద్రం అనుకూలించకపోతే ఆ ఓడ రాదు. దారిలో కుళ్లిపోయిన సరుకు ఖరీదు కూడా మిగిలిన సరుకు మీదే పడుతుంది. ఓడ కిరాయి, ఎత్తుడు దించుడు కూలి, తరుగు, కొరత అన్నీ కలిసి దుకాణం దగ్గర ధరవుతాయి. కాబట్టి 880 రూపాయలు తమిళనాడు పల్లెలో కొనిపెట్టేంత సరుకు అక్కడ కొనిపెట్టవు. గీత ఉండాల్సిన చోటుకన్నా కింద ఉంది, పేదల సంఖ్య ఉండాల్సినదానికన్నా తక్కువ వచ్చింది. పోనీ వినియోగదారుల ధరల సూచీ చూసి సరిచేసుకుందామంటే అదీ కుదరదు. ఆ సూచీ ఏ ప్రాంతానికైనా ఆధార సంవత్సరంలో 100తోనే మొదలవుతుంది. కాలంతోపాటు ధర ఎంత పెరిగిందో చెబుతుంది తప్ప, శ్రీకాకుళంలో కన్నా శ్రీవిజయపురంలో ఎంత ఎక్కువో చెప్పదు.

దీనికి వచ్చే మొదటి జవాబు నాకు తెలుసు. సరుకు చెన్నై నుంచే వెళ్తున్నప్పుడు తమిళనాడు గీత కాక ఇంకేది వాడతాం, అసలేమీ లేకపోవడం కన్నా దగ్గరి రాష్ట్రానిది వాడడం నయం కదా అంటారు. నయమే, ఒప్పుకుంటాను. చేప, కొబ్బరి వంటివి అక్కడే చవకన్న మాటా కొట్టిపారేయదగ్గది కాదు. కానీ మనిషి చేప, కొబ్బరితోనే నెల గడపడు. అరువు తెచ్చుకున్నప్పుడు దాని మీద ఓడ కిరాయి ఎంతో కట్టి చూపడం పరిశోధకుడికి చేతకాని పని కాదు. ద్వీపాల్లో పనిచేసే కేంద్ర ఉద్యోగులకు ప్రభుత్వం ప్రత్యేక భత్యం ఇస్తోంది. అక్కడి బతుకు వేరని దానికి తెలుసు. ఉద్యోగి జీతం లెక్కలో గుర్తుకొచ్చిన ఆ తేడా, శ్రీవిజయపురంలోని జంగ్లీఘాట్‌లో వల బాగుచేసుకునే ఉత్తరాంధ్ర జాలరి దగ్గరికొచ్చేసరికి ఎందుకు మాయమవాలి? రెండో జవాబు సగటు ఖర్చు గురించి. 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వేలో ఈ దీవుల పల్లెల్లో మనిషికి నెల ఖర్చు ఏడు వేల పైచిలుకు వచ్చింది, దేశ గ్రామీణ సగటు 3,773. అంత ఖర్చు పెట్టేవాళ్లు పేదలెలా అవుతారని అడగవచ్చు. ధరలు ఎక్కువైన చోట ఖర్చూ ఎక్కువే కనిపిస్తుంది. పైగా నెలజీతం ఉద్యోగులు దండిగా ఉన్న చోట సగటు వాళ్లవైపు జరుగుతుంది. అడుగున ఉన్నవాళ్ల సంగతి సగటును అడిగితే చెప్పదు.

ఇంకో ఫుట్‌నోట్ ఉంది. అది దీనికన్నా పాతది, నా దృష్టిలో దీనికన్నా బరువైనది. జాతీయ నమూనా సర్వే నివేదికల మొదటి పేజీల్లో దాదాపు ప్రతిసారీ ఒకే మాట కనిపిస్తుంది. అండమాన్ నికోబార్‌లో చేరుకోవడం చాలా కష్టమైన గ్రామాలు తప్ప దేశమంతా సర్వే చేశామంటారు. కష్టం అబద్ధం కాదు. 2022-23 సర్వేలో ఒక్కో కుటుంబం దగ్గరికి మూడుసార్లు వెళ్లాలి. ఒకసారి తిండి ఖర్చు అడిగితే ఇంకోసారి సేవల ఖర్చు, మరోసారి మన్నికైన వస్తువుల ఖర్చు. ఓడ ఎప్పుడొస్తుందో తెలియని దీవికి మూడు నెలల్లో మూడుసార్లు వెళ్లి రావడమంటే ఏమిటో సర్వే ఉద్యోగికే తెలుస్తుంది. అలా వెళ్లినవాళ్ల శ్రమ మీద నాకు ఎనలేని గౌరవం ఉంది. నా అభ్యంతరం ఆ వివరాలు తీసుకుని పేపర్లు రాసేవాళ్ల మీద. 2011 జనగణనలో ఈ దీవుల జనాభా 3,80,581. దేశంలో పదివేలకు ముగ్గురు. వాళ్లను వదిలేస్తే జాతీయ సగటులో దశాంశం కూడా కదలదంటారు. నిజమే, కదలదు. కానీ ఆ పట్టికలను ఎవరూ జాతీయ సగటు కోసమే చదవరు. ఏ ప్రాంతం ముందుంది, ఏది వెనకబడింది, ఎక్కడ ఎంత ఖర్చు పెట్టాలి అన్న నిర్ణయాలూ వాటి మీదే జరుగుతాయి. చేరలేని ఊళ్లు చేరగలిగిన ఊళ్లలాంటివే అయితే నష్టం లేదు. రేవుకు, ఆస్పత్రికి, దుకాణానికి దూరంగా ఉన్నాయి కాబట్టే అవి చేరలేని ఊళ్లయ్యాయి. కొలవకపోవడానికి కారణమూ, కష్టంగా బతకడానికి కారణమూ అక్కడ ఒకటే. ఈ లోపానికి బాధ్యతను తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు అందరూ పంచుకుంటున్నారు. సర్వేవాళ్లు చెప్పాం అంటారు, పేపరు రాసినవాళ్లు సర్వే అలా ఉంది అంటారు, విధానం రాసినవాళ్లు పేపరు అలా చెప్పింది అంటారు.

ఖాళీలన్నీ పూరించాలని నేను అనడం లేదు. 2011 జనగణనలో ఉత్తర సెంటినల్ ద్వీపం దగ్గర 15 మంది అని రాశారు, దూరం నుంచి కనిపించినవాళ్లను బట్టి. ఎవరూ తమ దగ్గరికి రావద్దని అక్కడి ఆదివాసులు స్పష్టంగానే చెబుతూ వచ్చారు, 1956 నాటి ఆదివాసుల రక్షణ రెగ్యులేషన్ కూడా ఉంది. అక్కడ లెక్క లేకపోవడమే సరైన పని. పరిశోధకుడు గౌరవంతో వదిలిన ఖాళీ వేరు, ఓడ టికెట్టు దొరక్క వదిలిన ఖాళీ వేరు. చదివేవాడికి ఆ రెండూ వేర్వేరుగా కనిపించాలి.

కొలిచే యూనిట్ కూడా ఇలాంటి ప్రశ్నే. సర్వేకు కుటుంబమంటే ఒకే వంటింట్లో తినే మనుషులు. నికోబారీల్లో భూమి, కొబ్బరి చెట్లు, పందులు తుహెట్ అనే పెద్ద ఉమ్మడి కుటుంబానివి. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత పరిహారం చిన్న కుటుంబాల లెక్కన చేతికందింది. ఉమ్మడిగా ఉన్నదంతా ఊడ్చుకుపోయిన వేళ, డబ్బు విడివిడిగా వచ్చింది. తుహెట్ కట్టు సడలడంలో ఆ పద్ధతికీ వాటా ఉందని అక్కడ పనిచేసిన పరిశోధకులు రాశారు. సర్వే ఫారంలో ఒక నిర్వచనం చెక్కు మీద పేరుగా మారితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా బలమైన సాక్ష్యం నాకు తెలియదు.

సునామీకి ముందే సిమ్రన్ జిత్ సింగ్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు నాలుగు వందల మంది దాకా ఉన్న నికోబార్‌లోని ట్రింకెట్ దీవిలో కొబ్బరి కురిడీ ఎంత బయటికి పోతోంది, బియ్యం, చక్కెర ఎంత లోపలికి వస్తున్నాయి, ఏ పనికి ఎంత సమయం పడుతోంది అని లెక్క కట్టారు. సునామీలో ఆ దీవి ముక్కలైంది, జనం కమోర్టా దీవికి తరలారు. ఆ బతుకు ఎలా ఉండేదో ఈరోజు కిలోల్లో, గంటల్లో చెప్పగలుగుతున్నామంటే ముందే ఎవరో కొలిచి ఉంచబట్టే. ఇప్పుడు గ్రేట్ నికోబార్‌లో మొదట దాదాపు 72,000 కోట్ల రూపాయల అంచనాతో ఓడరేవు, విమానాశ్రయం, కొత్త పట్టణం తలపెట్టారు. 2011లో ఎనిమిది వేల మంది ఉన్న దీవికి మూడున్నర లక్షల మంది వస్తారని ప్రణాళిక. స్థానికులకు దీనివల్ల లాభమా నష్టమా అని పదేళ్ల తర్వాత పేపర్లు తప్పక వస్తాయి. వాటికి పోల్చి చూసుకోవడానికి ముందటి ధరలు, ముందటి కూలి రేట్లు కావాలి. శ్రీవిజయపురం, కార్ నికోబార్, క్యాంప్‌బెల్ బే మార్కెట్లలో ఏడాదికి నాలుగుసార్లు నలభై యాభై సరుకుల ధరలు రాసుకుంటే చాలు, అరువు గీత పక్కన పెట్టడానికి ఒక సొంత అంచనా తయారవుతుంది. శ్రీవిజయపురంలోని ప్రభుత్వ కాలేజీ విద్యార్థులు, ఓడ ఎక్కే రేవు ఉన్న విశాఖలోని ఆంధ్రా యూనివర్సిటీ ఆర్థికశాస్త్ర విభాగం కలిసి చేయగలిగిన పనే ఇది. పెద్ద గ్రాంటు అక్కర్లేదు, నోట్‌బుక్కు, ఓపిక ఉంటే సరిపోతుంది. కానీ లక్షల మంది వచ్చి చేరకముందే మొదలవ్వాలి.