తొందరపడని పుస్తకం

గర్భిణుల థైరాయిడ్ గురించి తెలుగులో పుస్తకం రాస్తున్నానని, అందులో పేగుల్లోని సూక్ష్మజీవుల సంగతి కూడా చేరుస్తున్నానని ఈ రచయిత్రి చెప్పినప్పుడు నాకు సంతోషమూ కలిగింది, బెంగా కలిగింది. నా దగ్గర పీజీ చేసిన రోజుల నుంచీ ఆమె చదువు మీద నాకు గురి. బెంగల్లా ఎంచుకున్న విషయం గురించే. మైక్రోబయోమ్ అనే మాట ఇప్పుడు మందుల షాపు అరల దాకా వచ్చేసింది. నెల తప్పిన అమ్మాయి ఎవరేం చెప్పినా భయంభయంగా వింటుంది. ఆ భయాన్ని సొమ్ము చేసుకునేవాళ్లకు కొదవ లేదు. రాతప్రతి చివరంటా చదివాక నా బెంగ తీరింది. రుజువైనదాన్ని రుజువైందని, ఇంకా తేలనిదాన్ని తేలలేదని ఎక్కడికక్కడ విడదీసి చెప్పిన పుస్తకం ఇది. ఈ నాలుగు మాటలు ఇష్టంగా రాస్తున్నది అందుకే.

కడుపులో బిడ్డకు సొంత థైరాయిడ్ గ్రంథి పని మొదలుపెట్టేసరికి సుమారు 12 వారాలు పడుతుంది. తన అవసరానికి తగ్గట్టు హార్మోన్ తయారుచేసుకునే శక్తి 18–20 వారాలకు గాని రాదు. అందాకా బిడ్డ మెదడు ఎదగడానికి కావలసిన థైరాక్సిన్ తల్లి ఇవ్వాల్సిందే. కాబట్టి అప్పటికే థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్న ఆమె నెల తప్పిందని తెలియగానే డాక్టరుకు చెప్పాలి. మోతాదు పావు వంతు నుంచి సగం దాకా పెంచాల్సి రావచ్చు. మన ఇళ్లలో మూడో నెల వెళ్లేదాకా బయటికి చెప్పకూడదన్న పట్టింపు ఉంది. చుట్టపక్కాలకు చెప్పకపోతే పోయిందేమీ లేదు. డాక్టరు దగ్గర కూడా దాచిపెడితే మాత్రం ముఖ్యమైన వారాలన్నీ చేజారిపోతాయి. రచయిత్రి ఈ సంగతిని మొదటి అధ్యాయంలోనే, కోడలితోపాటు అత్తగారికీ అర్థమయ్యేలా చెప్పింది.

అయోడిన్ అధ్యాయం చదువుతుంటే మనసు పొంగింది. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదువుకున్న వులిమిరి రామలింగస్వామి గారు ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో 1956లో సహచరులతో కలిసి ఒక పరిశోధన మొదలుపెట్టారు. లోయలో కొన్ని ప్రాంతాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, ఒక ప్రాంతానికి మామూలు ఉప్పు సరఫరా చేయించి, ఏళ్ల తరబడి బడిపిల్లల మెడలు పరీక్షించారు. అయోడిన్ ఉప్పు తిన్నచోట గాయిటర్, అంటే మెడ దగ్గర థైరాయిడ్ వాపు, తగ్గుముఖం పట్టింది. 1962లో వచ్చిన జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమానికి ఆ పని దన్నుగా నిలిచింది. అంత కష్టపడి ఇంటింటికీ చేర్చిన అయోడిన్‌ను ఈనాడు ఆరోగ్యం పేరు చెప్పి వంటింట్లోంచి బయటికి పంపేస్తున్నాం. గులాబీరంగు ఉప్పు, సైంధవ లవణం, విడిగా అమ్మే కల్లుప్పు, వీటిలో సాధారణంగా అయోడిన్ కలిపి ఉండదు. గర్భిణికి రోజుకు 250 మైక్రోగ్రాముల అయోడిన్ అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్యాకెట్ మీద అయోడిన్ గుర్తు చూసి కొనమని, డబ్బా మూత బిగించి పొయ్యికి దూరంగా పెట్టమని రచయిత్రి చెప్పినవి చిన్న సంగతులే. అయినా ఆమె వాటికి ఇచ్చిన చోటు నాకు నచ్చింది.

పుస్తకంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది మాత్రల వేళల అధ్యాయం. ఐదో నెల గర్భిణి ఒకామె రచయిత్రి ఓపీకి చిన్న ప్లాస్టిక్ డబ్బా తెచ్చి టేబుల్ మీద మూత తీసింది. థైరాయిడ్ మాత్రలు, ఆరోగ్య కేంద్రంలో ఇచ్చిన ఐరన్ మాత్రలు, కాల్షియం బిళ్లలు అన్నీ అందులో కలిసిపోయి ఉన్నాయి. మరిచిపోకుండా ఉండాలని మూడూ కలిపి పొద్దున్నే కాఫీతో మింగేస్తోంది. థైరాయిడ్ మాత్ర మోతాదు రెండుసార్లు పెంచినా, హార్మోన్ చాలనప్పుడు రక్తంలో పెరిగే టీఎస్‌హెచ్ దిగలేదు. ఐరన్, కాల్షియం పేగులో థైరాయిడ్ మాత్రలోని లెవోథైరాక్సిన్‌ను పట్టేసుకుని ఒంటికి పట్టనివ్వవు. కాఫీ కూడా దానికి అడ్డే. రచయిత్రి మోతాదు జోలికి పోలేదు. పరగడుపున మంచినీళ్లతో థైరాయిడ్ మాత్ర ఒక్కటే వేసుకోమంది. కాఫీ, టిఫిన్ అరగంట, వీలైతే గంట ఆగాకే అంది. ఐరన్‌ను, కాల్షియాన్ని ఒకదానికొకటి తగలకుండా కనీసం నాలుగు గంటలు దాటాక మధ్యాహ్నానికీ రాత్రికీ జరిపింది. నాలుగు వారాల తర్వాత చూస్తే టీఎస్‌హెచ్ దిగివచ్చింది. ఆ డబ్బా తెచ్చిన ఆమెను ఒక్క మాట కూడా నిందించకుండా ఈ సంగతంతా రాసిన తీరు చూసి, శిష్యురాలిగా కన్నా వైద్యురాలిగా ఆమెను ఎక్కువ మెచ్చుకున్నాను.

ఇక సూక్ష్మజీవులు. కాలేయం థైరాయిడ్ హార్మోన్‌లో కొంత భాగాన్ని వేరే పదార్థాలతో జతచేసి పైత్యరసంతో పేగులోకి పంపుతుంది. అక్కడి బాక్టీరియా ఎంజైములు ఆ జత విడగొడితే, కొంత హార్మోన్ తిరిగి రక్తంలోకి చేరగలదు. ఈ మార్గం ఉన్న మాట నిజం. దాన్ని పట్టుకుని ఎంత దూరం పోవచ్చన్నదే ప్రశ్న. 2012లో 91 మంది ఫిన్లండ్ గర్భిణుల మీద చేసిన అధ్యయనంలో మొదటి త్రైమాసికానికీ చివరి త్రైమాసికానికీ మధ్య పేగు బాక్టీరియా బాగా మారినట్టు కనిపించింది. 2015లో అమెరికాలో 40 మందిని వారం వారం పరిశీలిస్తే, గర్భం పొడవునా పెద్ద మార్పు లేకుండా నిలకడగా ఉన్నట్టు తేలింది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూపించింది రచయిత్రి. తనకు అనుకూలమైనదాన్ని ఏరుకోలేదు. ఒంటి రోగనిరోధక శక్తే థైరాయిడ్ మీద దాడిచేసే హషిమోటో జబ్బు ఉన్నవారి పేగు బాక్టీరియా వేరుగా ఉందన్న అధ్యయనాలు చెబుతూనే, జబ్బు వల్ల బాక్టీరియా మారిందా, బాక్టీరియా వల్ల జబ్బు వచ్చిందా అని అడిగి ఆగింది. పెరుగు, మజ్జిగ, ఆకుకూరలు, పప్పులు తినమంది, గర్భిణికి మంచి తిండి కాబట్టి. వాటితో థైరాయిడ్ నయమవుతుందని ఎక్కడా అనలేదు.

బాగుంటుందనిపించిన ప్రతి ఆలోచనా ఫలించదని చెప్పడానికి ఆమె ఎంచుకున్న ఉదాహరణ కూడా సరైనదే. థైరాయిడ్ పనితీరు మామూలుగా ఉండి, థైరాయిడ్ మీద అలాంటి దాడికి గుర్తయిన టీపీవో యాంటీబాడీలు మాత్రం ఉన్న స్త్రీలకు, గతంలో గర్భస్రావమో సంతానలేమో ఉన్నవారికి, ముందునుంచే లెవోథైరాక్సిన్ ఇస్తే మేలు జరుగుతుందని చాలామందిమి ఆశపడ్డాం. 2019లో బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చాయి. మందు వేసుకున్నవారిలోనూ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలోనూ బిడ్డ చేతికొచ్చినవారు 37 శాతం పైచిలుకే. ఈ ఫలితం చదివిన ఏ వైద్యుడూ పేగు బాక్టీరియా పేరుతో రేపో మాపో వచ్చే గుళికను గర్భిణి చేతిలో పెట్టే ముందు ఒక క్షణం ఆగకుండా ఉండలేడు.

నాకు లోటనిపించింది ఒక్కటే. కానుపయ్యాక తొలి ఏడాదిలో వచ్చే థైరాయిడ్ వాపుకు ఈ పుస్తకంలో రెండు పేజీలే దక్కాయి. గర్భం తొలినాళ్లలో టీపీవో యాంటీబాడీలు ఉన్నవారిలో మూడోవంతు నుంచి సగం మందికి అది రావచ్చు. ముందు గుండెదడ, చిరాకు, బరువు తగ్గడం. ఆ తర్వాత నీరసం, మతిమరుపు, ఏడుపు. బాలింతకు అదంతా మామూలేనని ఇంట్లోవాళ్లు సర్దిచెబుతారు, రక్తపరీక్ష సంగతి ఎవరికీ తోచదు. రెండో ముద్రణలో దీన్ని పూర్తి అధ్యాయంగా రాయమని అడిగాను, ఒప్పుకుంది. ఈలోగా ఉన్న ఆ రెండు పేజీలనైనా భర్తో, తల్లో, అత్తగారో కానుపుకు ముందే చదివిపెట్టుకోవాలని కోరుతూ, రచయిత్రికి నా నిండు ఆశీస్సులు.