హారంలో ఎవరున్నారు?

శాస్త్రానికి కులం లేదు, కత్తికి కులం లేదు, అంకెలకు అసలే లేదు అని మనకు బడిలో చెప్పారు, కాలేజీలో చెప్పారు, ఇప్పుడు యూనివర్సిటీ సెమినార్ హాళ్లలోనూ చెబుతున్నారు. కులం గురించి మాట్లాడాలంటే సాహిత్యం ఉంది, చరిత్ర ఉంది, అక్కడ మాట్లాడుకోండి, ఆపరేషన్ థియేటర్లోకి ఎందుకు తెస్తారు అంటారు. అందుకే ఈసారి మేము కావాలని ఆపరేషన్ థియేటర్ నుంచి వచ్చిన సాహిత్యాన్నే చదివాం. రక్తనాళాల సర్జరీలో 'ఔట్‌కమ్స్ రీసెర్చ్' అని ఒక శాఖ ఉంది. ఆపరేషన్ అయ్యాక రోగి ఏమయ్యాడు, ఎంతమంది బతికారు, ఏ ఆసుపత్రిలో ఎక్కువమంది పోయారు అని లెక్కగట్టే పని అది. మంచి పనే, కాదనడం లేదు. మేము అడుగుతున్నది ఒకటే. భిన్నంలో పైనుండే లవం మీద ఇంత శ్రద్ధ పెట్టేవాళ్లు కిందుండే హారం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు తొందరపడతారు? నూటికి నలుగురు పోయారు అన్నప్పుడు ఆ నూరుమంది ఎవరు? ఆ నూరులోకి రానివాళ్లు ఎవరు?

ముందు జబ్బు సంగతి. గుండె నుంచి బయలుదేరి ఛాతీలోంచి కడుపులోకి దిగే పెద్ద రక్తనాళం అయోర్టా. మన పాఠ్యపుస్తకాల్లో బృహద్ధమని. కడుపు దగ్గర అది మామూలుగా 2 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. వయసు మీదపడ్డాక, ముఖ్యంగా పొగతాగే వాళ్లలో, దాని గోడ సత్తువ పోయి పాత సైకిల్ ట్యూబులాగా ఒకచోట ఉబ్బుతుంది. అదే అన్యూరిజం. చాలామందికి నొప్పీ ఉండదు, గుర్తూ ఉండదు. పగిలితే మాత్రం చాలామంది ఆసుపత్రి గడప తొక్కకముందే పోతారు. 1955లో ఐన్‌స్టీన్ పోయింది దీనితోనే. ఆపరేషన్ చేస్తామంటే ఆయన వద్దన్నాడు. వద్దనే అవకాశం ఆయనకు ఉంది, ఆ సంగతి గుర్తుపెట్టుకుందాం.

1951లో పారిస్‌లో దుబోస్ట్ అనే సర్జన్ ఉబ్బిన భాగాన్ని కోసి తీసి, చనిపోయిన మనిషి నుంచి తీసిన నాళాన్ని అక్కడ కుట్టాడు. తర్వాత గుడ్డతో చేసిన గొట్టాలు వచ్చాయి. కడుపు నిలువునా కోసి చేసే పెద్ద ఆపరేషన్ ఇది. 1990లో బ్యూనస్ ఎయిర్స్‌లో పరోడి అనే సర్జన్ గజ్జల్లోని నాళం ద్వారా స్టెంటు బిగించిన గొట్టాన్ని లోపలికి పంపి ఉబ్బు మధ్యలో నిలబెట్టాడు. కడుపు కోయక్కర్లేదు. దీన్ని ఈవార్ అంటున్నారు. ఈ రెంటిలో ఏది మేలు అనే ప్రశ్న చుట్టూనే గత పాతికేళ్ల ఔట్‌కమ్స్ రీసెర్చ్ చాలావరకు తిరిగింది.

ఇంగ్లండులో జరిగిన ఈవార్-1 ట్రయల్‌లో ఆపరేషన్ అయిన 30 రోజుల్లో చనిపోయినవాళ్లు ఈవార్‌లో నూటికి 1.8, కోసి చేసిన దాంట్లో 4.3. ఇక్కడ ఆగితే కొత్త పద్ధతి గెలిచినట్టే. ఆగినవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ అదే ట్రయల్ రోగులను 15 ఏళ్లు వెంబడించి 2016లో ప్రకటించిన ఫలితం వేరే మాట చెప్పింది. మొదట్లో దక్కిన లాభం తర్వాత నిలబడలేదు. 8 ఏళ్లు దాటాక అన్యూరిజం వల్ల చనిపోయినవాళ్లు ఈవార్ వైపే ఎక్కువ తేలారు. లోపల పెట్టిన గొట్టం కదలడం, పక్కనుంచి రక్తం కారడం, ఉబ్బు మళ్లీ పగలడం కారణాలు. మరి 30 రోజులు అనేది ఎవరి గడియారం? ఆసుపత్రి గడియారం. సర్జన్ చేతిలోంచి రోగి ఇంటికి పోయేదాకా నడిచే గడియారం. రోగి గడియారం ఆ తర్వాత మొదలవుతుంది.

పైగా ఈవార్ చేయించుకున్నవాడు బతికినన్నాళ్లూ స్కానింగుకు వస్తూనే ఉండాలి. అమెరికాలో మెడికేర్ అనే ప్రభుత్వ బీమా కింద ఉన్న ముసలివాళ్లను లెక్కగట్టి చూస్తే, 5 ఏళ్లు తిరిగేసరికి సగంమంది ఏటేటా జరగాల్సిన స్కానింగు నుంచి జారిపోయారు. దీనికి ఆ పేపర్లు వాడే మాట 'కంప్లయన్స్', అంటే చెప్పినట్టు వినడం. రానివాడు చెప్పినమాట విననివాడు అయిపోయాడు. బస్సు చార్జీ, పోయిన రోజు కూలి, తోడు వచ్చే మనిషి, ఇవేవీ ఆ మాటలో లేవు. మన ఊళ్లలో మందులు మధ్యలో ఆపేసిన టీబీ రోగిని ఏమని తిట్టేవాళ్లో మనకు తెలుసు.

ఈ దీర్ఘకాలపు లెక్కలను చూసే 2018లో ఇంగ్లండులోని నైస్ సంస్థ తన ముసాయిదాలో ఒక గట్టిమాట రాసింది. పగలని అన్యూరిజానికి, కోసి చేయగలిగిన రోగికి ఈవార్ ఇవ్వొద్దు అంది. సర్జన్లనుంచి పెద్ద గొడవే లేచింది. 2020 మార్చిలో వచ్చిన తుది పత్రంలో ఆ మాట మెత్తబడింది. అంకెలు అవే, మాట మారింది. అంకెలు తమంతట తాము మాట్లాడతాయి అనేవాళ్లు ఈ రెండు పత్రాలనూ పక్కపక్కన పెట్టి చదవాలి.

ఇక హారంలోకి వద్దాం. పెద్ద ఆపరేషన్‌కు 'ఫిట్' కానివాళ్లను ఏం చేయాలి అని ఈవార్-2 ట్రయల్ అడిగింది. టేబుల్ ఎక్కనివాళ్లను కూడా లెక్కలోకి తెచ్చినందుకు దాన్ని మెచ్చుకోవాలి. అలాంటివాళ్లకు ఈవార్ చేసినా మొత్తంమీద ఆయుష్షు పెరగలేదని తేలింది. సరే. కానీ ఫిట్ కాకపోవడం అనేది వర్షం పడినట్టు పడే విషయమా? ఊపిరితిత్తులు, గుండె, మూత్రపిండాలు ముందే పాడైనవాడు ఏ పనిలో పాడయ్యాడు, ఏ ఇంట్లో పాడయ్యాడు, ఏ డాక్టరూ చూడక పాడయ్యాడు అనేది ఆ పట్టికలో ఎక్కడా రాదు. పనిలో అరిగిపోయిన శరీరం ఆసుపత్రికి వచ్చేసరికి 'రిస్క్ ఫ్యాక్టర్' అయిపోతుంది.

ఆడవాళ్ల సంగతి ఇంకా స్పష్టం. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో జరిగిన ఓవర్ ట్రయల్‌లో 881 మంది ఉంటే దాదాపు అందరూ మగవాళ్లే. ఉబ్బు 5.5 సెంటీమీటర్లు దాటితేనే ఆపరేషన్ అనే గీత ఎక్కువగా మగశరీరాల కొలత మీద గీసిందే. ఆడవాళ్ల నాళం సన్నం, తక్కువ సైజులోనే పగులుతుంది. అందుకే కొన్ని మార్గదర్శకాలు వాళ్లకు 5 అని తర్వాత సవరించుకున్నాయి. 2017లో లాన్సెట్ పత్రికలో అనేక అధ్యయనాలను కలిపి చూశారు. శరీర నిర్మాణాన్నిబట్టి ఈవార్‌కు పనికొచ్చిన మగవాళ్లు నూటికి 54, ఆడవాళ్లు 34. ఆపరేషన్ వద్దని తిప్పిపంపినవాళ్లు మగవాళ్లలో 19, ఆడవాళ్లలో 34. కోసి చేసినప్పుడు 30 రోజుల్లో పోయినవాళ్లు మగవాళ్లలో 2.8, ఆడవాళ్లలో 5.4. గొట్టం ఎవరి కొలతకు తయారుచేశారో ఆ మూడు జతల అంకెలు చూస్తే చాలు.

మేము ఎక్కువసేపు ఆగింది మాత్రం 2013లో డిమిక్, ఆయన తోటివాళ్లు అమెరికాలో ప్రచురించిన అధ్యయనం దగ్గర. గుండె బైపాస్, ఊపిరితిత్తి క్యాన్సర్, కడుపులోని అన్యూరిజం, ఈ మూడు ఆపరేషన్లలో నల్లవాళ్లు ఏ ఆసుపత్రులకు పోతున్నారు అని చూశారు. మరణాలు ఎక్కువగా ఉన్న నాసిరకం ఆసుపత్రుల్లోనే నల్లవాళ్లు ఎక్కువగా చేరుతున్నారు. ఇంతవరకు మనం ఊహించిందే. ఊహించనిది తర్వాత వచ్చింది. నల్లవాళ్ల ఇళ్లు మంచి ఆసుపత్రులకు తెల్లవాళ్ల ఇళ్లకన్నా దగ్గరగా ఉన్నాయి! అయినా వాళ్లు నాసిరకం ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకునే అవకాశం తెల్లవాళ్లకన్నా 25 నుంచి 58 శాతం ఎక్కువ.

ఈ ఒక్క వాక్యాన్ని వెలివాడ నుంచి వచ్చినవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. చెరువు దగ్గరే ఉంటుంది. బావి దగ్గరే ఉంటుంది. దగ్గరగా ఉండటం వేరు, అందడం వేరు. ఏ డాక్టరు ఏ ఆసుపత్రికి చీటీ రాస్తాడు, మనకు తెలిసినవాళ్లు ఎవరు, ఎక్కడికి పోతే మనిషిగా చూస్తారని మనవాళ్లు చెప్పుకుంటారు, దారి వీటి మీద పడుతుంది. రోడ్డు మ్యాపులో కనిపించని దారి అది.

వర్గం చాలదా, కులం ఎందుకు అని అడిగే మిత్రులు మనకు చాలామంది ఉన్నారు. పేదరికం పోతే అన్నీ పోతాయంటారు. ఈ అధ్యయనంలో ఉన్నవాళ్లందరూ మెడికేర్ కింద ఉన్నవాళ్లే. ఒకే ప్రభుత్వం ఇచ్చిన బీమా. డబ్బు తేడా పూర్తిగా పోయిందని మేమూ అనం, పై ఖర్చులు, అదనపు బీమాలు ఉంటాయి. కానీ చేతిలో అదే కార్డు పెట్టుకుని ఇద్దరు మనుషులు రెండు వేర్వేరు తలుపుల ముందు నిలబడ్డారు. ఈ తేడాను మిత్రులు ఏ పేరుతో పిలుస్తారో చెప్పాలి.

అలాగని అమెరికా పరిశోధకులను నెత్తిన పెట్టుకోవాల్సిన పనీ లేదు. ఈ సాహిత్యంలో ఎక్కువ పేపర్లు చేసేది వేరు. వయసు, షుగరు, బీపీ, కిడ్నీ జబ్బు అని వరుసగా రాసి ఆ వరుసలోనే 'జాతి' అని ఒక గడి పెడతారు. తర్వాత వాటన్నిటినీ 'సర్దుబాటు' చేస్తారు. ఆ పట్టికలో నలుపు ఒక జబ్బు. షుగరు పక్కన కూర్చోబెట్టిన జబ్బు. అదే గడిని రోగి ఒంట్లోంచి తీసి ఆసుపత్రి వైపు పెట్టి చూడండి. 1994 నుంచి 1999 వరకు మెడికేర్ రోగుల మీద 2006లో వచ్చిన అధ్యయనం ఆ పని చేసింది. రోగుల జబ్బులను సర్దుబాటు చేస్తే నలుపు తెలుపుల మధ్య మరణాల తేడా పెద్దగా కదల్లేదు, ఏ ఆసుపత్రి అన్నది లెక్కలోకి తీసుకుంటే చాలావరకు తగ్గింది. అంటే లోపం మనిషి ఒంట్లో లేదు. ఆ మనిషిని చేర్చిన చోట ఉంది. గడి ఎక్కడ పెట్టాలి అన్నది లెక్కల ప్రశ్న కాదు, రాజకీయ ప్రశ్న.

వాళ్లకు కనీసం గడి ఉంది. మన దేశంలో రక్తనాళాల సర్జరీ పేపర్లు మేము తిరగేసినంతవరకు వయసు, ఆడ మగ, షుగరు, పొగ అలవాటు ఉన్నాయి, కులం కనబడలేదు. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పటినుంచి తెల్లకార్డు చేతపట్టుకుని పెద్ద ఆసుపత్రుల మెట్లెక్కుతున్నవాళ్లలో మనవాళ్లు ఎంతమందో అందరికీ కంటికి కనబడుతూనే ఉంది. కార్డు ఒకటే అయినప్పుడు ఎవరు ఏ ఆసుపత్రికి చేరారు, ఎవరు టేబుల్ దాకా పోయారు, ఎవర్ని 'ఫిట్ కాదు' అని వెనక్కి పంపారు, ఇంటికొచ్చాక ఏడాదికి ఎవరు బతికున్నారు అని కులంవారీగా అడిగితే, డిమిక్ అడిగిన ప్రశ్నే తెలుగులో అడిగినట్టు.

దీనికి మనలోనే ఒక అభ్యంతరం ఉంది, అది చిన్నది కాదు. ఆసుపత్రి కౌంటర్ దగ్గర కులం చెప్పమంటే ఏం జరుగుతుందో మనకు తెలీదా అంటున్నారు. తెలుసు. హాస్టల్లో, అద్దె ఇంటి గుమ్మంలో ఆ ప్రశ్న ఏం చేసిందో తెలిసినవాళ్లమే మనం. అందుకే మా ప్రతిపాదన కౌంటర్ దగ్గర అడగమని కాదు. వైద్యం చేసే చేతికి ఆ వివరం అందకూడదు. ఆపరేషన్, డిశ్చార్జి అన్నీ అయ్యాక, పేర్లు తీసేసి, ప్రభుత్వం దగ్గర ఇప్పటికే ఉన్న సామాజిక వర్గం వివరాలతో పథకం రికార్డులను కలిపి లెక్కగట్టాలి. ఆ లెక్క ఆపరేషన్ టేబుల్ నుంచి కాక, మొదటి డాక్టరు పెద్దాసుపత్రికి చీటీ రాసిన రోజు నుంచి మొదలవ్వాలి. ఆ రికార్డు ఎవరి చేతిలో ఉండాలి, దాన్ని చూసే కమిటీలో మనవాళ్లు ఎంతమంది ఉండాలి అనే దానిమీద మా మధ్యే ఇంకా తగువు తెగలేదు.