24 డిగ్రీలు, గోదావరి తేమ

స్టార్ గుర్తు గల గది ఏ.సి.లు 2020 జనవరి 1 నుండి మొదట 24 డిగ్రీల వద్దనే పనిచేయునట్లు అమర్చవలెనని ప్రభుత్వము నిర్ణయించినది. ఒక డిగ్రీ పెంచినచో విద్యుత్తు సుమారు 6 శాతము ఆదా యగునని అధికారుల లెక్క. ఉద్దేశము మెచ్చదగినదే. కాని అనంతపురపు 24 డిగ్రీలు, అమలాపురపు 24 డిగ్రీలు ఒకటి కావు. తడిగుడ్డ ఆరని గాలిలో చెమట మాత్రమెట్లు ఆరును?

సామాన్య థర్మోస్టాట్ వేడినే కొలుచును. కోరిన డిగ్రీ రాగానే కంప్రెసరు ఆగును; ఫాను మాత్రము తిరుగుచు, చల్లని గొట్టములపై నిలిచిన నీటిని ఆవిరిగా మరల గదిలోనికే పంపును. కావున ‘స్మార్ట్’ థర్మోస్టాట్ కొనువారు ఫోనుతో నడచునా అనుటకు ముందు, తేమను కొలుచునా అని అడుగవలెను. రిమోటు వలె పరారుణ కిరణములతో పనిచేయునది ఏ.సి.కి ఎదురుగా కనబడవలెను. ఆ చల్లగాలి మాత్రము దానికి సూటిగా తగులరాదు. ఎండకు కాగు పడమటి గోడ అసలే పనికిరాదు.